మత్తయి 28 దగ్గర మొదలుపెట్టకండి: మిషన్‌కి లేఖన ఆధారం చూపించి, ఒక శిష్యుణ్ణి తయారుచేయడం ఎలా

సంఘంలో ఎవరినైనా లేపి "మనం సువార్త ఎందుకు చెప్పాలి?" అని అడగండి, దాదాపు అందరూ మత్తయి 28:19 చెప్తారు, "మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అని యేసు అన్న మాట. మంచిదే. వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: "యేసు ఆ మాట అనకముందు మరి దేవుడికి మిగతా జనాల సంగతి పట్టలేదా?" అక్కడ చాలామంది ఆగిపోతారు. ఒకప్పుడు నేనూ అక్కడే ఆగిపోయాను. ఒక యూత్ మీటింగులో ఒక కుర్రాడు నన్ను సరిగ్గా ఇదే అడిగాడు, నాకేం తోచక "మంచి ప్రశ్న తమ్ముడూ, ప్రార్థన చేసుకుందాం" అని కూడిక ముగించేశాను. అంతకంటే పెద్ద ఎగవేత నా జీవితంలో లేదు.

ఆ కుర్రాడికి అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో రెండు పనులున్నాయి. బైబిలు మొత్తంలో మిషన్‌కి, అంటే సువార్తతో అన్ని జనాల దగ్గరికి వెళ్లే పనికి, ఆధారం ఎలా వెతుక్కోవాలో, దాన్ని ఇంకొకరికి ఎలా చూపించాలో మొదటిది. దాని మీద నిలబడి ఒక మనిషిని శిష్యుడిగా ఎలా తయారుచేయాలో రెండోది. ఈ రెండింటినీ విడదీస్తేనే తంటా వస్తుంది. ఆధారం అంటే ఒక్క ఆజ్ఞే అనుకున్నవాడికి శిష్యత్వం కూడా ఒక టార్గెట్ అయిపోతుంది, ఎంతమందికి కరపత్రాలు ఇచ్చాం, ఎంతమంది చేతులెత్తారు అని లెక్క రాసుకోవడం దగ్గరే పని ఆగిపోతుంది.

ఆదికాండం తెరవండి

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను తీసుకుని ఆదికాండం 10 నుంచి 12 వరకు ఒకే బిగిన చదవండి. అధ్యాయానికి అధ్యాయానికి మధ్య ఆగొద్దు, ఎందుకంటే అసలు విషయం ఆ అతుకులోనే ఉంది. 10లో జనాల పట్టిక ఉంది, ఎవరి సంతానం ఏ దేశంలో ఏ భాషతో స్థిరపడిందో చెప్పే పేర్ల వరస (మనం దాటేసే అధ్యాయం అది). 11లో బాబెలు, అంటే ఆ జనాలంతా ఎలా చెదిరిపోయారో చెప్పే కథ. 12లో దేవుడు ఒకే ఒక్క మనిషిని పిలుస్తాడు. పిలిచి ఏమంటాడు? "భూమియొక్క సమస్తవంశములు నీయందు ఆశీర్వదించబడును." చెదిరిన జనాలందరి కోసమే ఈ ఒక్కడిని ఏర్పరచుకున్నాడు. వాళ్లను పక్కనపెట్టి ఇతన్ని చేరదీయలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా బైబిలు వేరేగా కనిపిస్తుంది.

ఇదే వాగ్దానం ఇంకెక్కడెక్కడ వస్తుందో నోటుబుక్కులో రాసుకోండి: ఆదికాండం 18:18, 22:18, ఇస్సాకుతో 26:4, యాకోబుతో 28:14. ఆ తర్వాత గలతీయులకు 3:8కి వెళ్లండి. దేవుడు అబ్రాహాముకు సువార్తను ముందుగానే ప్రకటించాడని పౌలు అక్కడ అంటాడు, సువార్త అనే మాటే వాడి! అంటే పౌలు లెక్కలో మిషన్ మత్తయి 28లో పుట్టలేదు, అబ్రాహాము డేరా దగ్గర పుట్టింది.

అక్కడి నుంచి తొందర లేకుండా ముందుకు రండి. నిర్గమకాండం 19:6లో దేవుడు ఇశ్రాయేలును "యాజక రూపమైన రాజ్యము" అంటాడు. యాజకుడు ఎవరికోసం ఉంటాడు? తనకోసం కాదు కదా. మొత్తం జనమే యాజకుడైతే వాళ్లు ఎవరి తరఫున నిలబడుతున్నట్టు? (పేతురు ఇదే మాటను 1 పేతురు 2:9లో సంఘానికి వర్తింపజేస్తాడు, పక్కన రాసుకోండి.) 1 రాజులు 8:41-43లో సొలొమోను మందిరం ప్రతిష్ఠిస్తూ, దూరదేశం నుంచి వచ్చే పరదేశి ప్రార్థన కూడా ఆలకించమని అడుగుతాడు. 67వ కీర్తన మొదటి రెండు వచనాలు చూడండి. మమ్మల్ని ఆశీర్వదించు అని మొదలవుతుంది, ఎందుకట? భూమి మీద నీ మార్గం తెలియబడేలా. మన ప్రార్థనలు చాలావరకు మొదటి వచనం దగ్గరే ఆమేన్ అయిపోతాయి, నావి కూడా. యెషయా 49:6లో దేవుడు తన సేవకుడికి ఇశ్రాయేలును తిరిగి రప్పించే పని మాత్రమే ఇవ్వడం చాలా తక్కువ అని చెప్పి, అన్యజనులకు వెలుగుగా నియమిస్తాడు. పిసిదియలోని అంతియొకయలో పౌలు, బర్నబాలు తమ పనికి ఆధారంగా చూపించింది ఈ వచనాన్నే, అపొస్తలుల కార్యములు 13:47లో.

యోనా గురించి ఒక్క మాట. చేప దగ్గర ఆగిపోవద్దు, 4వ అధ్యాయం చదవండి. లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న నగరం మీద నాకు జాలి ఉండొద్దా అని దేవుడు అడుగుతాడు, పుస్తకం ఆ ప్రశ్నతోనే అయిపోతుంది. యోనా ఏం జవాబిచ్చాడో రాయలేదు. ఎవరితోనైనా కలిసి చదువుతున్నప్పుడు మీరు కూడా అక్కడే ఆపేయండి, వివరణ ఇవ్వకండి, కాసేపు అలా మౌనంగా ఉంటే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత నిబంధనలో ఇశ్రాయేలు ఊరూరా తిరిగి ప్రకటించిందని చెప్పకండి, అలా లేదు. ఎక్కువగా జనాలే అటు వస్తారు: రూతు వచ్చింది, నయమాను వచ్చాడు, షేబ రాణి వచ్చింది. యోనాలాంటి పంపకం అరుదు. వాగ్దానం మొదటి నుంచీ అందరి కోసమే, కానీ "వెళ్లి" అనే మాట ఇంత విశాలంగా వినిపించేది పునరుత్థానం తర్వాతే. ఈ తేడా దాచిపెట్టి బోధిస్తే, బైబిలు శ్రద్ధగా చదివేవాడు ఎవడో ఒకడు లేచి పట్టుకుంటాడు.

ఇప్పుడు మత్తయి 28, కానీ ఒంటరిగా కాదు

పునరుత్థానం తర్వాత యేసు పంపిన మాటలు ఐదు చోట్ల ఉన్నాయి: మత్తయి 28:18-20, మార్కు 16:15, లూకా 24:46-49, యోహాను 20:21, అపొస్తలుల కార్యములు 1:8. ఐదూ పక్కపక్కన రాయండి. ఒక్కోటి ఒక్కో సంగతి మీద బరువు పెడుతుంది.

నాకు బాగా ఇష్టమైనది లూకా. అక్కడ యేసు "ఇలా రాయబడి ఉంది" అని మొదలుపెట్టి మూడు సంగతులు చెప్తాడు: క్రీస్తు శ్రమపడడం, మూడో రోజున లేవడం, ఆయన పేరట మారుమనస్సు, పాపక్షమాపణ యెరూషలేము మొదలు సమస్త జనాలకూ ప్రకటించబడడం. మూడోదాన్ని కూడా ఆయన లేఖనాల్లో రాయబడిన దానిలోనే కలిపేశాడు. సిలువ ఎంత లేఖనమో మిషన్ కూడా అంతే లేఖనం అన్నమాట. ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు, పైగా ఇచ్చింది యేసే.

యోహానులో పంపే తీరు కనిపిస్తుంది: తండ్రి నన్ను పంపినట్టే నేనూ మిమ్మల్ని పంపుతున్నాను. ఆ మాటకు ముందు వచనంలో తన చేతులూ పక్కా చూపిస్తాడు. గాయాలు చూపించి మరీ పంపాడు, కాబట్టి పెత్తనం చేసే మిషన్‌కి యోహాను 20లో చోటు లేదు. అపొస్తలుల కార్యములు 1:8 ఆ పుస్తకానికే మ్యాపులాంటిది: మొదటి 7 అధ్యాయాలు యెరూషలేము, 8 నుంచి యూదయ, సమరయ, 13 నుంచి భూదిగంతాల దారి. మార్కు 16:9-20 మాత్రం అతి పురాతనమైన కొన్ని చేతిరాత ప్రతుల్లో, ముఖ్యంగా 4వ శతాబ్దపు సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతుల్లో లేదు. చాలా బైబిళ్లలో కింద నోట్ కూడా ఉంటుంది. కంగారుపడనక్కర్లేదు, అక్కడున్న ఆజ్ఞ మిగతా చోట్లా ఉంది. మీ వాదన మొత్తం ఆ ఒక్క వచనం మీద మాత్రం నిలబెట్టకండి.

ఇక మత్తయి. "కాబట్టి మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అన్న వాక్యంలో ఆజ్ఞాపించే క్రియ ఏది? గ్రీకులో ఆజ్ఞార్థకం ఒక్కటే ఉంది, శిష్యులను చేయండి అనేది. వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం మూడూ దానికి ఆనుకుని ఉండే అసమాపక రూపాలు. మన పాత తెలుగు అనువాదం "వెళ్లి", "బాప్తిస్మమిచ్చుచు" అని మొదటి రెండింటినీ అలాగే ఉంచి, "బోధించుడి" అని మూడోదాన్ని విడి ఆజ్ఞగా మార్చింది. తప్పేం లేదు గానీ, దానివల్ల శిష్యులను చేయడం ఒక పని, బోధించడం ఇంకో పని అనిపిస్తుంది. నిజానికి బాప్తిస్మమిస్తూ, బోధిస్తూ చేసే పనినే శిష్యులను చేయడం అంటున్నాడు.

ఇక్కడే ఒక ప్రసంగం తరచుగా వినిపిస్తుంది: "గ్రీకులో వెళ్లండి అనే ఆజ్ఞ లేదు, మీ దారిన మీరు వెళ్తూ వెళ్తూ చేయండి అని మాత్రమే అర్థం." వినడానికి హాయిగా ఉంటుంది, కదలక్కర్లేదు కాబట్టి. కానీ తెలుగు వచ్చినవాళ్లకు ఇందులో మెలిక వెంటనే తెలియాలి. "వెళ్లి నీళ్లు తీసుకురా" అని అమ్మ అంటే, ఆజ్ఞ తీసుకురమ్మనే కదా, వెళ్లడం నా ఇష్టం అని ఎవడైనా కూర్చుంటాడా? మత్తయి 2:8లో హేరోదు జ్ఞానులతో "వెళ్లి" ఆ శిశువు గురించి విచారించమన్నప్పుడు కూడా గ్రీకులో ఇదే నిర్మాణం, వాళ్లు బయల్దేరారు. కాబట్టి వెళ్లడం తప్పదు. ముఖ్యమైన పని మాత్రం శిష్యులను చేయడం. వెళ్లి ఊరికే తిరిగొస్తే ఆజ్ఞ పాటించినట్టు కాదు.

ఆ ముందు వెనక వచనాలు వదలొద్దు. 18లో "నాకు సర్వాధికారము ఇయ్యబడియున్నది", 20లో యుగసమాప్తి వరకు మీతో ఉంటాను. ఆజ్ఞ ఈ రెండింటి మధ్య ఉంది. ఇంకా పైన, 17లో, "కొందరు సందేహించిరి" అని ఉంటుంది. వాళ్లను పక్కకు తీసి మిగిలినవాళ్లకే ఈ పని చెప్పాడని ఎక్కడా లేదు. నాకింకా విశ్వాసం సరిపోదు అని వెనక్కి జంకేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ వచనమే.

"ఆ మాట అపొస్తలులకే కదా?"

ఎవరో ఒకరు ఇది అడుగుతారు, పాతకాలపు ప్రశ్నే. 1792లో విలియం కేరీ దీనికి జవాబుగానే ఒక చిన్న పుస్తకం రాశాడు. చెప్పులు కుట్టే పని చేస్తూ వచ్చిన ఇంగ్లండు బాప్టిస్టు పాస్టర్ ఆయన. ఆయన వాదన సింపుల్: వెళ్లమన్న ఆజ్ఞ అపొస్తలులతో ముగిసిపోతే, అదే వాక్యంలో ఉన్న బాప్తిస్మం కూడా వాళ్లతోనే ముగిసిపోవాలి, మరి మనం ఎందుకిస్తున్నాం? దానికి ఇంకో రెండు కలపండి. యేసు "నేను మీకు ఆజ్ఞాపించినవన్నీ" బోధించమన్నాడు, ఆ అన్నింటిలో ఈ ఆజ్ఞ కూడా ఉంది కాబట్టి అది తరం నుంచి తరానికి తనంతట తానే సాగుతుంది. తోడుంటానన్న వాగ్దానం యుగసమాప్తి వరకు. ఆ తోడు మాకు కావాలి, పని మాత్రం వాళ్లది అనడం బాగోదు.

మాటలతో ఒప్పుకోని వాళ్లకు అపొస్తలుల కార్యములు 8:1, 8:4 చదివించండి. హింస వచ్చినప్పుడు అపొస్తలులు యెరూషలేములోనే ఉండిపోయారు, చెదిరిపోయిన మామూలు విశ్వాసులే వాక్యం ప్రకటిస్తూ వెళ్లారు. 11:19-21లో వాళ్లే అంతియొకయ దాకా వచ్చి గ్రీకువాళ్లకు కూడా చెప్పారు. పౌలును పంపిన సంఘం అలా పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్ల పేర్లు లూకా రాయలేదు.

ఇంకొకరికి చూపించేటప్పుడు

పైనున్నదంతా ఒకే ప్రసంగంలో కుక్కొద్దు. నేను కుక్కాను, వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు. ముగ్గురు నలుగురితో నాలుగు కూడికలు చాలు: అబ్రాహాము ఒకటి, కీర్తన 67, యెషయా, యోనా కలిపి ఒకటి, ఐదు పంపకాలు ఒకటి, అపొస్తలుల కార్యములు ఒకటి. ప్రతిసారీ భాగం గట్టిగా చదివించి, ప్రశ్నలడగండి, జవాబు తెలిసినా వెంటనే చెప్పకండి. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకుడి రథం దగ్గరికి పరుగెత్తి మొదట అన్నది ఒక ప్రశ్న, "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని. ఆ నపుంసకుడు ఎక్కడ చదువుతున్నాడో, యెషయా 53లో, అక్కడి నుంచే ఎత్తుకున్నాడు. తన దగ్గరున్న నోట్స్ తీయలేదు.

వచనాలను సందర్భం నుంచి పీకే అలవాటు మాత్రం మానుకోవాలి, మిషన్ కూడికల్లో ఇది కాస్త ఎక్కువ. కీర్తన 2:8, "నన్ను అడుగుము, జనములను నీకు స్వాస్థ్యముగా" ఇస్తాను అనేది మన ప్రార్థనకు వాగ్దానంగా వాడేస్తుంటారు. అక్కడ మాట్లాడుతున్నది రాజైన కుమారుడితో, తర్వాతి వచనంలో ఇనుప దండం ఉంది, అది మన చేతికి ఇవ్వలేదు. ప్రకటన 3:20లో తలుపు దగ్గర నిలబడి తట్టడం అవిశ్వాసి గుండె గురించి అని చెప్తారు, ఆ ఉత్తరం లవొదికయ సంఘానికి రాసింది. సంఘం తలుపు బయట నిలబడి తడుతున్నాడు, అది ఇంకా సిగ్గుపడాల్సిన విషయం.

శిష్యుడు అంటే ఎవరు

"క్రైస్తవుడు" అనే మాట కొత్త నిబంధన మొత్తంలో మూడే మూడు సార్లు వస్తుంది. "శిష్యుడు" అనే మాట సువార్తల్లోనూ అపొస్తలుల కార్యములలోనూ 250 సార్లకు పైగా వస్తుంది. అంతియొకయలో జరిగింది కూడా శిష్యులకే క్రైస్తవులు అనే పేరు రావడం. మనం తిరగేశాం: మొదట క్రైస్తవులు అవుతారు, అందులో కొంచెం సీరియస్‌గా ఉన్నవాళ్లు తర్వాత శిష్యులవుతారు అన్నట్టు.

మార్కు 3:14 దగ్గర ఆగండి. యేసు పన్నెండుమందిని నియమించింది ఎందుకు? మొదటి కారణం తనతో కూడా ఉండడానికి, రెండోది ప్రకటించడానికి పంపడానికి. ఈ వరసే మొత్తం పద్ధతి. కలిసి ఉండకుండా పంపితే వాడు మాటలు బట్టీపట్టి అప్పజెప్తాడు. ఎప్పటికీ పంపకుండా కలిసే ఉంటే మనం ఒక చిన్న క్లబ్ నడుపుతున్నట్టు.

ఇక్కడ నా సొంత తప్పు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక తమ్ముడితో 12 పాఠాల కోర్సు చేశాను. ఒక్క వారం మిస్ కాలేదు, ఖాళీలన్నీ నీట్‌గా నింపేవాడు, నాకు మహా సంతోషం. కోర్సు అయిన రెండు నెలలకు సంఘానికి రావడం మానేశాడు. వెళ్లి కలిస్తే అన్నాడు: "అన్నా, మీరు ఎప్పుడూ పాఠం అడిగారు, నేను ఎలా ఉన్నానో అడగలేదు." వాళ్ల నాన్నతో ఏడాదిగా మాటల్లేవట. ఆ ఏడాదిలోనే మేం క్షమాపణ గురించిన పాఠం కూడా చేశాం, అన్ని ఖాళీలూ సరిగ్గానే నింపాడు.

ఆ తర్వాతే మత్తయి 28:20ని మళ్లీ మెల్లగా చదివాను. ఆజ్ఞాపించినవన్నీ బోధించండి అని లేదు అక్కడ. "గైకొనవలెనని" బోధించమని ఉంది. తెలియజేయడం వేరు, పాటించడం నేర్పడం వేరు. పాటించడం నేర్పాలంటే వాళ్ల నాన్న సంగతి తెలియాలి.

ఒక మనిషితో, మొదటి రోజు నుంచి

ముందు ప్రార్థన. ఆచారంగా చెప్పట్లేదు, లూకా 6:12లో యేసు పన్నెండుమందిని ఎంచుకునే ముందు రాత్రంతా ప్రార్థించాడు. తర్వాత ఎంచుకోవడం. 2 తిమోతి 2:2లో పౌలు చెప్పిన లక్షణాలు రెండే, నమ్మకమైనవాళ్లు, ఇతరులకు బోధించగలవాళ్లు. ఆ ఒక్క వచనంలో నాలుగు తరాలున్నాయి లెక్కపెట్టండి: పౌలు, తిమోతి, ఆ నమ్మకమైనవాళ్లు, వాళ్లు బోధించే ఇతరులు. మాటకారిని చూసి మురిసిపోవద్దు. చెప్పిన టైముకి వచ్చేవాడు, తప్పు చేస్తే ఒప్పుకునేవాడు చాలు. ఇద్దరు ముగ్గురికి మించి తీసుకోకండి, యేసే పన్నెండుమందిలో ముగ్గురిని ఇంకా దగ్గరగా ఉంచుకున్నాడు. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో కూర్చుంటే మంచిది, తీతు 2:3-5లో పెద్ద స్త్రీలు చిన్న స్త్రీలకు నేర్పాలన్నది అందుకూ పనికొస్తుంది.

వారానికి ఒక గంటన్నర పెట్టుకోండి. మొదటి 20 నిమిషాలు బైబిలు తెరవొద్దు, ఎలా ఉన్నావు అని అడిగి నిజంగా వినండి. తర్వాత మార్కు సువార్త నుంచి ఒక చిన్న భాగం చదవండి (16 అధ్యాయాలే, కొత్తవాళ్లకు భయం వేయదు). చదివాక మూడు ప్రశ్నలు: ఇక్కడ ఏం జరిగింది, దీన్నిబట్టి యేసు ఎలాంటివాడు, వచ్చే వారం లోపల నేను దీన్నిబట్టి ఏం చేస్తాను. మూడో ప్రశ్నకు జవాబు పనిలా ఉండాలి. "ఇంకా ఎక్కువ ప్రేమిస్తాను" అంటే ఒప్పుకోకండి, ఎవరిని, ఎప్పుడు, ఎలా అని అడగండి. మీరు కూడా మీ జవాబు చెప్పాలి, లేకపోతే అది క్లాసు అయిపోతుంది. వచ్చే వారం మొదటి మాట దాని గురించే: చేశావా? చేయకపోతే తిట్టొద్దు, ఏం అడ్డొచ్చిందో వినండి. ఒక్కోసారి మూడు వారాలు అదే విషయం మీద పోతుంది, పోనివ్వండి, పాఠాలు పూర్తి చేయాలన్న టెన్షన్ ఎవరూ పెట్టలేదు.

దీనికంటే ఎక్కువ పని జరిగేది ఆ గంటన్నర బయట. ఆసుపత్రిలో ఎవరినైనా చూడడానికి వెళ్తుంటే వెంట తీసుకెళ్లండి. ఇంటికి పిలవండి, మీ ఇంట్లో మీరు చిరాకుపడడం, తర్వాత క్షమించమని అడగడం కూడా చూడనివ్వండి. థెస్సలొనీకయులకు సువార్త మాత్రమే కాదు, మా ప్రాణాలు కూడా ఇవ్వడానికి సిద్ధపడ్డాం అని పౌలు రాశాడు (1 థెస్స 2:8). అపొల్లో పెద్ద వక్త, అయినా బాప్తిస్మం విషయంలో అతనికి సగమే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అతన్ని సభలో నిలదీయలేదు, తమ దగ్గరికి చేర్చుకుని విడిగా చెప్పారు. దిద్దాల్సి వచ్చినప్పుడు నలుగురిలో వద్దు.

తొందరగానే చిన్న పని ఇవ్వండి. పూర్తిగా సిద్ధమయ్యాక పంపుదాం అనుకుంటే ఆ రోజు రాదు. మార్కు 6లో యేసు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపాడు, వాళ్లు వెళ్లి తిరిగొచ్చాక కూడా రొట్టెల అద్భుతం వాళ్లకు అర్థం కాలేదు (6:52 చూడండి). తన సాక్ష్యం మూడు నిమిషాల్లో చెప్పడం, ఒక స్నేహితుడి కోసం నెల రోజులు ప్రార్థించడం, కూడికలో ఒక భాగం నడపడం, ఇలాంటివి. వెళ్లొచ్చాక కూర్చోబెట్టి వినడం మర్చిపోకండి. మార్కు 6:30లో వాళ్లు తిరిగొచ్చి చేసినవన్నీ చెప్పుకున్నారు, ఆ వెంటనే ఆయన కాస్త విశ్రాంతి తీసుకోమన్నాడు. పని చెప్పడం అందరూ చేస్తారు, తిరిగొచ్చినవాడి మాట వినేవాళ్లే తక్కువ.

బాప్తిస్మం ఎప్పుడు అనేది మీ పాస్టర్ గారితో కూర్చుని మాట్లాడండి, సంఘాల మధ్య తేడాలున్నాయి, ఇక్కడ తేల్చేది కాదు. ఒక్కటి మాత్రం: ఆజ్ఞలోనే ఉంది కాబట్టి దాన్ని ఐచ్ఛికం చేయకండి. సంఘంలోకి తీసుకురాకుండా మీ చుట్టూ తిప్పుకునే శిష్యత్వం కూడా పెట్టుకోకండి.

చేయకూడనివి

ఆశచూపడం, భయపెట్టడం, ఉద్దేశం దాచి దగ్గరవడం, ఈ మూడూ వద్దు. కుయుక్తిగా నడవడాన్ని విసర్జించామని 2 కొరింథీయులకు 4:2లో పౌలు తెగేసి చెప్పాడు. మార్కు 10లో ఒక ధనవంతుణ్ణి యేసు చూసి ప్రేమించాడని ఉంది, అయినా ఉన్నదంతా అమ్మమన్న మాటకు అతను దుఃఖపడుతూ వెళ్లిపోతుంటే వెనక పరుగెత్తి షరతు తగ్గించలేదు. యోహాను 6లో చాలామంది వెనుదిరిగితే మిగిలినవాళ్లను కూడా మీరూ వెళ్లిపోతారా అని అడిగాడు. గోపురం కట్టేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలన్నది కూడా ఆయనే. ఎదుటివాడికి కాదనే స్వేచ్ఛ లేకపోతే అవునన్న మాటకు విలువ లేదు. అతని ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు పేతురు పెట్టిన షరతు గుర్తుంచుకోండి, సాత్వికంతో, భయంతో చెప్పాలి (1 పేతురు 3:15). మత్తయి 23:15 కూడా అప్పుడప్పుడు చదువుకోవాలి, ఒక్కణ్ణి కలుపుకోవడానికి సముద్రం, భూమి చుట్టివచ్చి వాణ్ణి తమకంటే రెండింతలు చెడగొట్టేవాళ్లున్నారని యేసు అన్న మాట.

తొందర కూడా వద్దు. కేరీ 1793లో బెంగాల్ చేరాడు, అక్కడివాళ్లలో మొదటి బాప్తిస్మం 1800 డిసెంబరులో. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో మన రిపోర్టు ఫారాలు ఆయన నింపాల్సి వస్తే ప్రతి గడిలో సున్నా ఉండేది.

ఎవరైనా మధ్యలో వదిలేస్తే మార్కు అనే యోహానును గుర్తుచేసుకోండి. పంఫూలియలో పౌలు, బర్నబాలను వదిలేసి వెళ్లిపోయాడు, అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా అన్న విషయంలో వాళ్లిద్దరూ విడిపోయేంత గొడవైంది. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. చివరి రోజుల్లో పౌలే తిమోతికి మార్కును తీసుకురమ్మని రాశాడు, అతను నాకు పనికొస్తాడని (2 తిమోతి 4:11). నా 12 పాఠాల తమ్ముడి దగ్గరికి నేను మళ్లీ వెళ్లాను, ఈసారి పుస్తకం తీసుకెళ్లలేదు. వాళ్ల నాన్న దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లడానికే ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడతను ఇంకో ఇద్దరితో కూర్చుంటున్నాడు. మొదట్లో "అన్నా, మీరూ రండి" అని పిలిచాడు. మీకూ ఇలాంటి పిలుపు వస్తే వెళ్లకండి. మీరు కూర్చుంటే వాళ్లు మీ వైపే చూస్తారు, ప్రశ్న కూడా మిమ్మల్నే అడుగుతారు. పౌలు, బర్నబా కొత్త సంఘాల్లో పెద్దలను ఏర్పరచి, ఉపవాసముండి ప్రార్థించి, వాళ్లను ప్రభువుకు అప్పగించి వెళ్లిపోయారు (అపొస్తలుల కార్యములు 14:23). ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండి వాళ్ల ముగ్గురి పేర్లు చెప్పి ప్రార్థించండి, కూడిక అయ్యాక అతను ఫోన్ చేస్తే ఎలా జరిగిందో వినండి.